ఛాసిస్ బిగువుగా ఉండాలా, మెలి తిరగాలా? 1/10 రిమోట్ కంట్రోల్ టూరింగ్ కారు గురించి ఒక సందేహం

తారురోడ్డు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1/10 ఎలక్ట్రిక్ టూరింగ్ కారు, అంటే అసలు కారులో పదో వంతు కొలతలతో రిమోట్‌తో నడిచే మోడల్ కారు. కింద 2.25 మి.మీ. కార్బన్ ఛాసిస్ (అడుగు పలక), పైన ముందు బల్క్‌హెడ్ (సస్పెన్షన్‌ను పట్టి ఉంచే దిమ్మ) నుంచి వెనుక బల్క్‌హెడ్ దాకా సాగే టాప్ డెక్ (పై పలక), ముందు స్పూల్ (రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేది), వెనుక ఆయిల్ పోసిన గేర్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే మేము నలుగురం ఒక పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టుకుని నడుపుతాం. అక్కడి తారు పాతది, అక్కడక్కడ అతుకులు వేసినది.

ఈ కారు కుడి మలుపులో చెప్పినట్టు వింటుంది. కొన్నిసార్లు అవసరానికి మించి లోపలికి తిరుగుతుంది కూడా. ఎడమ మలుపులో మాత్రం ముందు చక్రాలు పట్టు వదిలేస్తాయి, కారు బయటికి పోతుంది. స్టీరింగ్ ట్రిమ్ (కారు నేరుగా పోయేలా చేసే సర్దుబాటు), రెండు వైపులా తిరిగే కోణం, క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వాలిన కోణం, మైనస్ 1.5 డిగ్రీలు), నేల నుంచి ఎత్తు (5.5 మి.మీ.) అన్నీ సరిచూశాను. రెండు చివరలనూ చేతులతో పట్టుకుని తిప్పితే కారు మెలి తిరుగుతోంది కనుక ఛాసిస్ మెత్తగా ఉండటమే కారణమనుకుని, మందమైన టాప్ డెక్ తెప్పించి స్క్రూలన్నీ బిగించాను. ఎడమ మలుపు ఇంకా పాడైంది. పైగా అతుకుల మీద కారు ఎగిరెగిరి పడుతోంది. అసలు ఛాసిస్ బిగువుగా ఉండటం మంచిదా, మెత్తగా ఉండటం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

కార్పెట్‌ట్రాక్ (న్యూజెర్సీ)

తారురోడ్డు గారూ, ట్రాక్‌ను బట్టి జవాబు మారుతుంది. నేను ఇక్కడ చలికాలమంతా ఇండోర్ కార్పెట్ మీద నడుపుతాను. కార్పెట్ మీద పట్టు ఎంత ఎక్కువంటే, మలుపులో కారు జారదు, బోల్తా పడుతుంది. దాన్ని తప్పించడానికి ముందు టైర్ల బయటి అంచున సూపర్ గ్లూ పలుచగా పూసి ఆరనిస్తాం, కారు ఎత్తు 5 మి.మీ. దగ్గరికి దించుతాం, డ్రూప్ (చక్రం కిందికి జారగల దూరం) తగ్గిస్తాం. అలాంటి చోట ఛాసిస్ మెత్తగా ఉంటే స్టీరింగ్ తిప్పిన క్షణానికీ కారు స్పందించిన క్షణానికీ మధ్య ఒక చిన్న ఆలస్యం వస్తుంది, వరుసగా ఎడమ, కుడి మలుపులు వచ్చే చోట ఆ ఆలస్యం పోగుపడి కారు ఊగుతుంది. అందుకే నేను టాప్ డెక్ స్క్రూలన్నీ బిగించి నడుపుతాను.

మీ పాత తారు మీద పట్టు తక్కువ. అక్కడ చాలామంది టాప్ డెక్ మధ్యలోని రెండు స్క్రూలు తీసేసి మెత్తబరుస్తారు. మీరు దానికి ఎదురు దిశలో వెళ్ళారు కనుక అతుకుల మీద ఎగరడం నాకు ఆశ్చర్యంగా లేదు. అయితే ఒక వైపు మలుపే పాడైందన్నారు. అది ఈ లెక్కలోకి రాదు, దానికి వేరే కారణం ఉండాలి.

కొలబద్ద (స్టుట్‌గార్ట్)

నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరును. ఈ విషయంలో ఎన్నాళ్ళుగానో నాకు ఒక బలమైన అభిప్రాయం ఉంది, దాన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మలుపులో కారు మీద పడే ఒరుగుడు బలాన్ని ముందు సస్పెన్షన్ కొంత, వెనుక సస్పెన్షన్ కొంత మోస్తాయి. ముందు భాగం ఎక్కువ మోస్తే ముందు టైర్లలో బయటిదాని మీద బరువు ఎక్కువగా చేరి ముందు పట్టు తగ్గుతుంది, వెనుక భాగం ఎక్కువ మోస్తే వెనుక పట్టు తగ్గుతుంది. మనం స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు (ఎడమ, కుడి చక్రాలను కలిపి ఒరుగుడును తగ్గించే కడ్డీలు) మార్చేది ఈ పంపకాన్ని మార్చడానికే. అయితే ఈ రెండు చివరలనూ కలిపేది ఛాసిస్. అది మెలి తిరిగితే ముందు చివర చేసిన మార్పు గురించి వెనుక చివరకు పూర్తిగా తెలియదు.

ఒక లెక్క చూద్దాం. సస్పెన్షన్ ఒరుగుడు బిగువు ముందు 60, వెనుక 40 అనుకుందాం. ఒరుగుడు బలం రెండు చివరలా చెరి సగం పుడుతోందనుకుందాం. ఛాసిస్ అసలు మెలి తిరగనిదైతే పంపకం 60కి 40గానే ఉంటుంది. ఛాసిస్ మెలి బిగువు 100 అయితే, అంటే సస్పెన్షన్ మొత్తం బిగువుతో సమానమైతే, పంపకం దాదాపు 58కి 42 అవుతుంది. అదే 20కి పడిపోతే 54.5కి 45.5 అవుతుంది. మీరు స్ప్రింగులతో తెచ్చిన పది పాళ్ళ తేడాలో సగానికి పైగా ఛాసిస్ మింగేసింది. మెత్తని కారులో ఏ మార్పు చేసినా పెద్దగా తెలియడం లేదని కొందరు అనేది ఇందుకే.

మందం విషయానికి వస్తే, పలక మెలి బిగువు దాని మందపు ఘనాన్ని బట్టి మారుతుంది. 2.25 మి.మీ. పలక బదులు అదే పదార్థంతో, అదే వెడల్పుతో 2 మి.మీ. పలక వేస్తే బిగువు 70 శాతానికి తగ్గుతుంది. 2.5 నుంచి 2కి వస్తే దాదాపు సగమవుతుంది. చేతికి అర మిల్లీమీటరు తేడా అనిపించేది కారుకు అంత పెద్దది.

ఇక కార్బన్ అంటే అన్ని దిక్కులా బిగువే అనే నమ్మకం సరికాదు. కొత్త తువాలును పోగు వెంట లాగండి, సాగదు. మూల నుంచి మూలకు లాగండి, సాగుతుంది. కార్బన్ గుడ్డ కూడా అంతే. పోగులు కారు పొడవునా, అడ్డంగా మాత్రమే ఉన్న పలక వంగడానికి ఒప్పుకోదు కానీ మెలికి తేలికగా లొంగుతుంది. మెలిని ఆపాలంటే పోగులు 45 డిగ్రీల ఏటవాలులో ఉన్న పొరలు కావాలి. అల్యూమినియానికి ఈ దిక్కుల తేడా లేదు. బరువు ఎక్కువే, కానీ ఆ బరువంతా కారు అడుగున ఉంటుంది కనుక గరిమనాభి కిందికి దిగుతుంది. కార్పెట్ మీద పలుచని అల్యూమినియం ఛాసిస్‌లకు ఆదరణ రావడానికి ఇది ఒక కారణం.

నా అభిప్రాయం ఏమిటంటే, మెలి తిరిగే ఛాసిస్ డాంపర్ (ఊపును అణచే నూనె గొట్టం) లేని స్ప్రింగ్ లాంటిది. మెత్తదనం కావాలంటే దాన్ని స్ప్రింగులో పెట్టండి, అక్కడ నూనె దాన్ని అదుపు చేస్తుంది.

గోకార్ట్ (కోయంబత్తూరు)

కొలబద్ద గారి లెక్కతో నాకు పేచీ లేదు. ముగింపుతో మాత్రం ఉంది. నా సొంతూరు ప్రకాశం జిల్లాలో, ఇక్కడ కోయంబత్తూరులో కార్టుల (మనిషి కూర్చుని నడిపే చిన్న రేసు బండ్ల) మెకానిక్‌గా పనిచేస్తున్నాను. కార్టుకు స్ప్రింగులూ లేవు, డాంపర్లూ లేవు, డిఫరెన్షియలూ లేదు. వెనుక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కనుక, మలుపులో లోపలి వెనుక చక్రం నేల నుంచి లేవకపోతే కార్టు తిరగదు. దాన్ని లేపేది ముందు స్టీరింగ్ జ్యామితి, ఆ బలాన్ని వెనక్కి మోసుకెళ్ళేది చట్రం. ఆ చట్రం ఎంత మెలి తిరగాలి, ఎంత త్వరగా వెనక్కి రావాలి అన్నదే మా పనంతా. 30 మి.మీ. గొట్టం బదులు అదే గోడ మందంతో 32 మి.మీ. గొట్టం వాడితే మెలి బిగువు సుమారు ఐదో వంతు పెరుగుతుంది, డ్రైవరు రెండు ల్యాపుల్లోనే ఆ తేడా చెప్పేస్తాడు. సీటుకు అదనంగా ఒక ఊత కడ్డీ బిగించినా చెబుతాడు. మెత్తదనం డాంపర్ దగ్గరే ఉండాలంటే మా కార్టులు అసలు నడవకూడదు కదండీ.

మోటార్ సైకిళ్ళ సంగతి కూడా చూడండి. 2009 నుంచి డుకాటి తన మోటోజీపీ (మోటార్ సైకిళ్ళ ప్రపంచ పోటీ) బండికి కార్బన్ ఫైబర్ చట్రం వాడింది. 2012 నాటికి దాన్ని వదిలి అల్యూమినియం చట్రానికి మారింది. బండి బాగా వాలి ఉన్నప్పుడు రోడ్డు గతుకులు సస్పెన్షన్ కదిలే దిశలో రావు, అడ్డంగా వస్తాయి. అప్పుడు చట్రం, స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టే చేయి) అడ్డంగా కొద్దిగా వంగి ఆ పని చేయాలి. బిగువు పెంచుకుంటూ పోతే పట్టు పెరగదని ఆ రంగంలోనూ గ్రహించారు.

కొలబద్ద (స్టుట్‌గార్ట్)

గోకార్ట్ గారూ, చాలా మంచి ఉదాహరణలు ఇచ్చారు. కార్టులో చట్రమే సస్పెన్షన్, వాలిన బండిలో ఆ దిశలో సస్పెన్షనే లేదు. టూరింగ్ కారుకు నాలుగు చక్రాలకూ విడివిడిగా సస్పెన్షన్ ఉంది కదా, దానికి ఇదే వర్తిస్తుందని ఎలా చెప్పగలం?

పాన్‌కార్ (మెల్‌బోర్న్)

ఇద్దరి మధ్య నిలిచే కారు ఒకటి నా దగ్గర ఉంది. 1/12 పాన్ కారులో (పలుచని అడుగు పలక మీద కట్టిన రేసు మోడల్ కారులో), ముఖ్యంగా పాత తరం వాటిలో, వెనుక ఇరుసు, మోటారు ఉన్న పాడ్‌ను ముందు ఛాసిస్‌తో కలిపేది టీ ఆకారంలో కోసిన సన్నని ఫైబర్ గ్లాస్ పట్టీ. అదే మెలి తిరుగుతుంది, అదే పైకీ కిందికీ వంగుతుంది. అయితే దాన్ని ఊరికే వదిలేయలేదు. పాడ్ మీద ఒక డాంపర్, మెలిని అదుపు చేయడానికి చిక్కని గ్రీజు లాంటి ద్రవంతో పనిచేసే అమరిక పెట్టారు. తరువాతి కార్లలో పట్టీ పోయి పక్క లింకులూ, పక్క స్ప్రింగులూ వచ్చాయి. అంటే మెత్తదనం ఎక్కడ ఉందో తెలిసినప్పుడు దాన్ని కొలిచి, మార్చుకోగలిగే భాగంలోకి తీసుకువచ్చారు. పట్టీ మీద చీలిక వస్తే కారు ఒక్కసారిగా ఒక వైపు మలుపుకే బాగుంటుంది. తారురోడ్డు గారి లక్షణం చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అదే.

గోకార్ట్ (కోయంబత్తూరు)

కొలబద్ద గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. మీ చిన్న కారు బరువు 1350 గ్రాములు అటూ ఇటూ, ఒక్కో చక్రం మీద 340 గ్రాములు. అంత తక్కువ బరువుకు డాంపర్‌లోని ఓ-రింగ్ (రబ్బరు చుట్టు) రాపిడి, సస్పెన్షన్ పిన్నుల రాపిడి చిన్నవి కావు. అతుకు మీదుగా పోయేటప్పుడు వచ్చే ఒక మిల్లీమీటరు లోపు కదలికకు సస్పెన్షన్ కదిలేలోపే చక్రం నేల వదిలేస్తుంది. ఆ చిన్న కదలికను రాపిడి లేని ఛాసిస్ మెలి భరిస్తుంది. తారురోడ్డు గారి కారు మందమైన డెక్ వేశాక ఎగరడం అందుకే అయ్యుండాలి.

కొలబద్ద (స్టుట్‌గార్ట్)

ఇది నేను ఆలోచించని కోణం, ఒప్పుకుంటున్నాను. చిన్న కదలికలకు ఛాసిస్, పెద్ద కదలికలకు సస్పెన్షన్ పనిచేస్తాయంటే అర్థముంది. అప్పుడు నా మాటను ఇలా సవరించుకుంటాను. మెలి ఉండవచ్చు, కానీ అది కుడికీ ఎడమకూ ఒకేలా ఉండాలి, కారు నిలిచి ఉన్నప్పుడు సున్నా ఉండాలి.

ఈ సమానత్వం కోసమే కొత్త టూరింగ్ కార్ల రూపకల్పన అంతా మారింది. పాత కార్లలో మోటారు మౌంటును ఒక పక్క నేరుగా ఛాసిస్‌కు బిగించేవారు, ఆ పక్క బిగువెక్కేది. ఇప్పుడు మౌంటును మధ్య గీతకు దగ్గరగా బిగిస్తారు. స్టీరింగ్ సర్వోను (చక్రాలను తిప్పే చిన్న మోటారును) కూడా మధ్యలో మాత్రమే పట్టి ఉంచే తేలే మౌంటు మీద పెడతారు. బ్యాటరీ ఛాసిస్‌ను నొక్కకుండా చుట్టూ కాస్త చోటు వదులుతారు.

ఇంకో చిన్న ప్రయోగం ఇంట్లోనే చేయవచ్చు. చెప్పుల డబ్బా మూత తీసి రెండు చివరలా పట్టుకుని మెలితిప్పండి. తరువాత మూత పెట్టి, చుట్టూ టేపు అంటించి మళ్ళీ తిప్పండి. మూసిన డబ్బా లొంగదు, తెరిచిన డబ్బా వెంటనే లొంగుతుంది. 1984లో వచ్చిన ఆర్‌సీ10 బగ్గీకి (మట్టి మీద నడిపే మోడల్ కారుకు) అల్యూమినియం రేకును అంచులు పైకి మలిచి తొట్టిలా చేశారు, టామియా కంపెనీ టీటీ-02 లాంటి కార్లకు ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది. మన టూరింగ్ కార్లు పక్కలు తెరిచిన రెండు పలకలు. అందువల్లే ఒక్క స్క్రూ తీసినా, బిగించినా ఇంత తేడా తెలుస్తుంది.

కార్పెట్‌ట్రాక్ (న్యూజెర్సీ)

ఇక తారురోడ్డు గారి కారు సంగతి చూద్దాం. మీ లక్షణానికి మా దగ్గర వాడే మాట ట్వీక్. కారు నిలిచి ఉన్నప్పుడే ఛాసిస్ మెలి తిరిగి ఉంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు, అంటే ముందు కుడి, వెనుక ఎడమ చక్రాల మీద బరువు ఎక్కువవుతుంది. ఎడమ మలుపులో బయటి ముందు చక్రం కుడిదే కనుక దాని మీద ఇంకా బరువు పడి ముందు పట్టు పోతుంది. కుడి మలుపులో దీనికి వ్యతిరేకంగా జరిగి కారు అతిగా తిరుగుతుంది. మీరు చెప్పినది అక్షరాలా అదే.

మొదట యాంటీ రోల్ బార్లు రెండింటినీ విప్పండి. లేకపోతే అవి అసలు దోషాన్ని దాచేస్తాయి. మందపాటి గాజు పలకను సమంగా పరిచి, బాడీ తీసి, బ్యాటరీ పెట్టి కారును దాని మీద ఉంచండి. ఛాసిస్ మధ్య గీత సరిగ్గా చూసుకుని, ముందు అంచు కింద కత్తి మొన పెట్టి మెల్లగా లేపండి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి గాజు వదలాలి. వెనుక కూడా అలాగే చేయండి. ఒకటి ముందుగా లేస్తే షాకులు (డాంపర్, స్ప్రింగు జతలు) విప్పి ఉత్త ఛాసిస్‌ను గాజు మీద పెట్టండి. నాలుగు మూలలూ ఆనకపోతే దోషం ఛాసిస్‌లో ఉంది. ఆనితే దోషం స్ప్రింగుల్లోనో డాంపర్లలోనో ఉంది. ఛాసిస్ మెలిని స్ప్రింగ్ కాలర్ (స్ప్రింగును బిగించే చుట్టు) తిప్పి సరిచేయవద్దు. నిలిచిన కారులో సరిపోయినట్టు కనిపిస్తుంది కానీ ఎడమ, కుడి ఎత్తులు తేడా వస్తాయి.

తారురోడ్డు (హైదరాబాద్)

అందరికీ ధన్యవాదాలు. శనివారం రాత్రంతా దీనితోనే గడిపాను. కత్తి మొనతో లేపితే ముందు ఎడమ చక్రం ముందుగా లేచింది, కుడిది ఇంకా గాజునే అంటుకుని ఉంది. నమ్మకం కుదరక, ఒకే రకం వంటింటి త్రాసులు నాలుగు సంపాదించి ఒక్కో చక్రం కింద పెట్టాను. ముందు ఎడమ 318, ముందు కుడి 356, వెనుక ఎడమ 362, వెనుక కుడి 324 గ్రాములు వచ్చాయి.

షాకులు విప్పి ఛాసిస్‌ను గాజు మీద పెడితే ఒక మూల కింద పోస్టు కార్డు దూరింది. టాప్ డెక్ స్క్రూలు ఒక్కొక్కటే వదులు చేశాను. నాలుగో స్క్రూ వదులైనప్పుడు ఛాసిస్ టిక్కుమని చిన్న చప్పుడు చేసి సమంగా కూర్చుంది. ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. కారు నా చేతికి రాకముందే డెక్‌ను మెలి మీద బిగించి ఉంటారు. మందమైన డెక్‌ను నేను కారు ఒళ్ళో పెట్టుకుని బిగించాను, దాంతో ఆ మెలి ఇంకా గట్టిగా నిలిచిపోయింది. బ్యాటరీని పట్టే నార టేపును కూడా అవసరానికి మించి లాగి అంటించానని తెలిసింది.

కొలబద్ద (స్టుట్‌గార్ట్)

మీ అంకెలు చాలా చక్కగా చెబుతున్నాయి. ఎడమ పక్క రెండూ కలిపితే 680, కుడి పక్కా 680. అంటే సామాన్ల అమరికలో తప్పు లేదు. కానీ మూల నుంచి మూలకు కలిపితే ఒక జత 718, ఇంకో జత 642. ఈ 76 గ్రాములే మీ ఎడమ మలుపు. స్క్రూలను గాజు మీదే, ఛాసిస్‌ను అరచేతితో అదిమి, మధ్య నుంచి చివరలకు, ఒకసారి ఎడమ ఒకసారి కుడి చొప్పున, మొదట సగం తరువాత పూర్తిగా బిగించండి. అన్నీ బిగిశాక మళ్ళీ తూచండి.

బెజవాడ బగ్గీ (విజయవాడ)

నేను మట్టి మీద నడిపేవాణ్ణి, ఈ చర్చ చదివి నా బగ్గీని కూడా గాజు మీద పెట్టి చూశాను. మాకు సస్పెన్షన్ ప్రయాణం చాలా ఎక్కువ కనుక ఇంత సున్నితం కాదు. ఒక్క సంగతి చెప్పాలనిపించింది. మన ఎండల్లో డాంపర్ నూనెను తక్కువ అంచనా వేయవద్దు. సిలికాన్ నూనె మామూలు నూనెకన్నా నయమే అయినా, 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వెళ్ళేసరికి చిక్కదనం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. పొద్దున 7 గంటలకు సరిచేసిన కారు 11 గంటలకు వేరే కారవుతుంది. ఆ మార్పును ఛాసిస్ మీదకు తోయకండి.

తారురోడ్డు (హైదరాబాద్)

నిన్నటి ఫలితం చెబుతున్నాను. మందమైన డెక్ తీసేసి పాత డెక్‌నే గాజు మీద, కొలబద్ద గారు చెప్పిన వరుసలో బిగించాను. బ్యాటరీ టేపును వేలు దూరేంత వదులుగా వేశాను. ఇప్పుడు ముందు ఎడమ 336, ముందు కుడి 338, వెనుక ఎడమ 344, వెనుక కుడి 342. పొద్దున్నే రెండు వైపులా కారు ఒకేలా తిరిగింది. తరువాత కార్పెట్‌ట్రాక్ గారి మాట ప్రకారం డెక్ మధ్య స్క్రూలు రెండు తీసి నడిపాను. అతుకుల మీద చక్రాలు నేలను అంటుకుని పోయాయి, స్టీరింగ్ స్పందన కొంచెం మెల్లబడింది, అయినా మా తారుకు అదే హాయిగా ఉంది. పది దాటాక వెనుక భాగం వదులైనట్టు అనిపించింది. బెజవాడ బగ్గీ గారు చెప్పినట్టు వెనుక డాంపర్లలో 400 చిక్కదనం నూనె బదులు 450ది పోసి చూస్తాను. నా సర్వో మౌంటు రెండు పక్కలా ఛాసిస్‌కు బిగించే పాత రకం, తేలే మౌంటు ఆర్డరు పెట్టాను. యాంటీ రోల్ బార్లు ఇంకా తగిలించలేదు.

కొలబద్ద (స్టుట్‌గార్ట్)

బార్లు తగిలించేటప్పుడు కారు నాలుగు చక్రాల మీద గాజు పలక మీదే ఉండాలి, బ్యాటరీ అందులోనే ఉండాలి. ఒక పక్క లింకు బాల్ కప్పును (బంతి మీద కూర్చునే చిన్న గిన్నెను) నొక్కి తగిలించండి. రెండో పక్కది బంతి మీదకు బలం లేకుండా తనంతట తాను కూర్చోవాలి. కూర్చోకపోతే లింకు పొడవును అర చుట్టు చొప్పున తిప్పి సరిచేయండి. ముందు బారు అయ్యాక ఒకసారి, వెనుక బారు అయ్యాక ఒకసారి మళ్ళీ త్రాసుల మీద పెట్టి ఆ అంకెలు ఇక్కడ రాయండి.